ధర అడిగినంత మాత్రాన మార్కెట్టు తెలిసినట్టు కాదు
కొల్లేటి చేప, గూడెం ఉల్లి, ఏలూరు నిమ్మ: ఏ ప్రశ్నకు ఏ రకం పరిశీలన?

కొల్లేటికోట చుట్టుపక్కల చెరువుల్లో వల దిగకముందే హౌరా రేటు, గౌహతి రేటు చేతికి వస్తాయి. శీలావతి ఎంత, బొచ్చె ఎంత, కిలో పైబడిన సైజుకు ఎంత, కిలో లోపు దానికి ఎంత అన్న నాలుగు అంకెలు తెలుసుకోకుండా కైకలూరు, ఆకివీడు ఎగుమతిదారులెవరూ లోడు కట్టరు. ఒకప్పుడు ట్రంకాల్ బుక్ చేసి గంటల తరబడి కాచుకున్న కబురు ఇప్పుడు సెల్‌ఫోనులో క్షణాల మీద వస్తున్నది. కబురు వేగం పెరిగిన మాట నిజమే. అయితే ఆ కబురులో ఉండేది అప్పుడూ ఇప్పుడూ ఒక్కటే: నిన్నటి సరుకు ఎంతకు పోయిందన్నది.

ఆ కబురు ఎంతవరకు పనికి వస్తుంది, ఎక్కడ పనికి రాదు, పనికి రానిచోట మరే విధంగా మార్కెట్టును తెలుసుకోవాలి అన్నవి వర్తకులు ఆలోచించవలసిన విషయాలు. మార్కెట్ పరిశోధన అనగానే సబ్బులు, టూత్‌పేస్టులు అమ్మే పెద్ద కంపెనీల వ్యవహారమని తోసిపుచ్చడం పరిపాటి. వాస్తవానికి చేప, ధాన్యం, ఉల్లి వర్తకులు దానిలో ఒకటి రెండు రకాలు రోజూ చేస్తూనే ఉన్నారు. ఒక రకం చేయవలసిన చోట మరో రకం చేయడం వల్లనే నష్టం వస్తున్నది.

రేటు వచ్చింది, కారణం రాలేదు

2018 జూలైలో జరిగినది ఇందుకు మంచి ఉదాహరణ. ఆంధ్రప్రదేశ్ నుంచి వచ్చే చేపల నమూనాల్లో ఫార్మాలిన్ కనిపించిందన్న కారణంతో అస్సాం ప్రభుత్వం ఆ నెలలో పది రోజులపాటు మన చేపలను నిలిపివేసింది. 2019 జనవరిలో బీహార్ ప్రభుత్వం పాట్నాలో ఆంధ్ర, పశ్చిమ బెంగాల్ చేపల అమ్మకాన్ని 15 రోజులు ఆపింది. ఇక్కడ చెరువుల్లో చేప సిద్ధంగా ఉన్నది, ఐసు ఉన్నది, లారీ ఉన్నది, కొనేవాడు మాత్రం లేకపోయాడు.

ఆ ముందు రోజు వరకు రేట్లు ఎప్పటిలాగే వచ్చాయి. కొనుగోలుదారు మనసులో భయం మొదలైన సంగతి రేటులో కనిపించదు. కాని వేరేచోట కనిపించింది. అంతకు ముందు నెల, 2018 జూన్‌లో, కేరళ ఆహార భద్రతా అధికారులు సరిహద్దు చెక్‌పోస్టుల వద్ద ఫార్మాలిన్ కలిసిన చేపలను పట్టుకున్న వార్తలు పత్రికల్లో వచ్చాయి. ఆ వార్త చదివి, గౌహతిలోనో పాట్నాలోనో పదిమంది చిల్లర వర్తకులను ‘మీ దగ్గర కొనేవారు దీని గురించి అడుగుతున్నారా?’ అని వాకబు చేసి ఉంటే, పరీక్ష పత్రాలు సిద్ధం చేసుకోవడానికి, కొంత సరుకు వేరే మార్కెట్టుకు మళ్లించడానికి కొన్ని వారాల వ్యవధి దొరికేది. దానికి అయ్యే ఖర్చు ఒక రైలు టిక్కెట్టు, నాలుగు రోజుల కాలం.

కొత్త విద్య కాదు

సరుకు మార్కెట్టును పద్ధతి ప్రకారం పరిశీలించడం మన దేశంలో కొత్త కాదు. రాయల్ వ్యవసాయ కమిషన్ 1928లో ఇచ్చిన నివేదికలో మార్కెట్ సర్వేలు అవసరమని చెప్పింది. 1935లో కేంద్రంలో వ్యవసాయ మార్కెటింగ్ సలహాదారు కార్యాలయం ఏర్పడింది. ఆ కార్యాలయం వారే 1937 నుంచి గోధుమతో మొదలుపెట్టి ఒక్కొక్క సరుకుపై అఖిల భారత విక్రయ నివేదికలు ప్రచురించారు. చేపల విక్రయంపై నివేదిక 1940లలో వచ్చింది. అగ్‌మార్క్ చట్టం 1937 నాటిది. 1950లో జాతీయ నమూనా సర్వే మొదలయ్యాక, కుటుంబాలు బియ్యానికి, చేపకు, గుడ్లకు ఎంత ఖర్చు చేస్తున్నాయన్న లెక్కలు రాష్ట్రాల వారీగా అందుబాటులోకి వచ్చాయి.

కనుక పరిశోధన రకాలు వర్తకులకు అపరిచితమైనవి కావు. వాటిని ఆరుగా విడదీసి చూడవచ్చు.

కాగితం చూడటం

అన్నిటికన్నా చౌక అయినది ఇతరులు అప్పటికే సేకరించి ప్రకటించిన వివరాలను పరిశీలించడం. మార్కెట్ యార్డుల రాబడులు, 2000లో మొదలైన అగ్‌మార్క్‌నెట్ ధరలు, ఎంపెడా ఎగుమతి లెక్కలు, కుటుంబ వ్యయ సర్వేలు, విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ ఉత్తర్వులు ఈ కోవలోకి వస్తాయి.

తాడేపల్లిగూడెం ఉల్లి వర్తకులకు ఈ కాగితాల విలువ వేరే చెప్పనక్కరలేదు. 2023 ఆగస్టు 19న ఉల్లి ఎగుమతిపై 40 శాతం సుంకం విధించారు. అదే ఏడాది డిసెంబరు 8న ఎగుమతిని పూర్తిగా నిషేధించారు. 2024 మే 4న షరతులతో నిషేధం తొలగించారు. మిగిలిన సుంకం 2025 ఏప్రిల్ 1న పోయింది. ఈ నాలుగు తేదీల్లో ప్రతి ఒక్కటీ నాసిక్ నుంచి వచ్చే సరుకు ధోరణిని మార్చేదే. ఉత్తర్వు వెలువడిన తరువాత అంతకుముందు రోజు రేటు పట్టుకుని సరుకు నిలవ చేస్తే నష్టపోక తప్పదు.

ఒక సరుకు ఉత్తర్వు మరొక సరుకును తాకే సందర్భాలు కూడా ఉన్నాయి. 2023 జూలై 20న సాధారణ తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించిన కేంద్రం, అదే నెల 28న నూనె తీసిన తవుడు ఎగుమతిని కూడా నిషేధించింది. బియ్యంపై నిషేధం 2024 సెప్టెంబరులో తొలగినా తవుడుపై 2025 అక్టోబరు దాకా కొనసాగింది. ఇది మిల్లర్ల వ్యవహారమని చేపల వర్తకులు పక్కన పెట్టడానికి వీలులేదు. రంధ్రాల సంచుల్లో కట్టి కొల్లేటి చెరువుల్లో వేలాడదీసే మేతలో ముఖ్యమైనది ఈ డీ.ఓ.బీ. తవుడే. దాని ధర తగ్గితే చెరువు రైతు చేపను మరికొన్నాళ్లు ఆపగలుగుతాడు. పెరిగితే తొందరపడి పట్టేస్తాడు. ఆ విధంగా మేత కాగితం చూసినవారికి పట్టుబడి ఎప్పుడు హెచ్చుతుందో కొంతవరకు ముందే తెలుస్తుంది.

పంచాంగం, క్యాలెండరు కూడా కాగితాలే. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు సముద్రపు వేట నిషేధం. ఆ రోజుల్లో చెరువు చేపకు పోటీ తగ్గుతుంది. బెంగాలీలు అల్లుళ్లను పిలిచి విందు చేసే జమాయి షష్ఠి జ్యేష్ఠ మాసంలో వస్తుంది. ఉత్తరాదిన శ్రావణం, మన దగ్గర కార్తికం మాంసాహారానికి మందకొడి కాలాలు.

ఈ రకం పరిశీలనకు రెండు లోపాలున్నాయి. లెక్కలు ఆలస్యంగా వస్తాయి. పైగా వర్తకునికి కావలసిన విడి వివరం వాటిలో దొరకదు. ‘చేప’ అని ఒక్క పద్దు ఉంటుందే గాని కిలోన్నర శీలావతికీ ముప్పావు కిలో శీలావతికీ తేడా ఉండదు.

కంటితో చూడటం

రెండో రకం, ఎవరినీ ఏమీ అడగకుండా జరుగుతున్నదాన్ని గమనించడం. చెరువు రైతులు వల వేసి నమూనా చేపలు తూచి చూసుకోవడం ఇదే. యార్డులో ఎన్ని లారీలు ఆగి ఉన్నాయి, మిల్లుల ముందు ధాన్యం బస్తాలు ఎంత ఎత్తున ఉన్నాయి, ఐసు ఫ్యాక్టరీ రాత్రిళ్లు కూడా నడుస్తున్నదా అన్నవి అనుభవజ్ఞులైన దళారులు దారిలో పోతూనే లెక్క కట్టుకుంటారు.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వరద విజయవాడను ముంచి కొల్లేరు వైపు వచ్చినప్పుడు అందరి కళ్లూ నీటి మట్టం మీదనే ఉన్నాయి. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే నీటికి సముద్రానికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. అది మెల్లగా లాగుతుంది గనుక విజయవాడలో నీరు తీసిన తరువాత కూడా కొల్లేటి లంక గ్రామాలకు రాకపోకలు వెంటనే కుదుటపడవు. ఈ సంగతి తెలిసినవారు సరుకు రాబడి అంచనాను పత్రికలో వచ్చిన వర్షపాతం అంకెతో గాక గట్ల మీద నిలబడి వేసుకుంటారు.

అయితే మనవారు చూసేది ఎక్కువగా సరఫరా వైపే. అవతల కొనేవారిని చూసేవారు తక్కువ. హౌరా మార్కెట్టులోనో, అక్కడి నుంచి సరుకు పోయే చిల్లర బజారులోనో ఒక ఉదయం నిలబడితే కొనేవారు మొదట మొప్పలు ఎత్తి చూస్తున్నారా, వేలితో నొక్కి చూస్తున్నారా, మొత్తం చేప కొంటున్నారా, ముక్కలు కొట్టించుకుంటున్నారా, ఏ సైజు ముందు ఖాళీ అవుతున్నది, ఏది చివరకు మిగిలి ధర తగ్గించి అమ్ముతున్నారు అన్నవన్నీ తెలుస్తాయి. చివరకు మిగిలే సరుకు సంగతి ఫోనులో ఎవరూ చెప్పరు.

దీని లోపం ఏమంటే, ఏం జరుగుతున్నదో తెలుస్తుంది గాని ఎందుకు జరుగుతున్నదో తెలియదు. ఒక్క రోజు చూసినది ఆ ఒక్క రోజుదే కావచ్చు కూడా.

మాట్లాడి తెలుసుకోవడం

ఎందుకు అన్న ప్రశ్నకు మూడో రకం కావాలి. పదిహేను ఇరవై మందితో తీరిగ్గా కూర్చుని మాట్లాడటం, లేదా ఆరేడుగురిని ఒకచోట చేర్చి వారిలో వారిని మాట్లాడుకోనివ్వడం దీని పద్ధతి. ఇక్కడ ప్రశ్నల జాబితా కన్నా ఓపిక ముఖ్యం.

ఎవరితో మాట్లాడాలన్నది జాగ్రత్తగా నిర్ణయించుకోవాలి. హౌరా ఆఢతీదారుకు కమీషన్ మీద దృష్టి ఉంటుంది. ఎక్కువ సరుకు రావడం ఆయనకు లాభం గనుక ‘పంపండి, బజారు బాగుంది’ అనడం సహజం. చిల్లర వర్తకునికి మిగులు భయం. హోటలు వారికి ముక్క సైజు. ఇంటి ఇల్లాలికి వాసన, తాజాదనం. నలుగురినీ విడివిడిగా వింటేనే సంగతి పూర్తిగా తెలుస్తుంది. ఒక్క ఆఢతీదారు మాట మీద ఏడాది వ్యాపారం నడపడం, ప్రతివాది వకీలును అడిగి దావా వేయడం వంటిది.

ఈ రకంలో వచ్చిన మాటలను శాతాలుగా మార్చరాదు. ఇరవై మందిలో పన్నెండుగురు ఫంగస్ చేప వద్దన్నంత మాత్రాన ఊరిలో 60 శాతం మంది వద్దన్నట్టు కాదు. వారు ఎందుకు వద్దన్నారన్నదే అందులో తీసుకోవలసిన విషయం.

లెక్క కట్టి అడగడం

ఎంతమంది, ఎంత తరచుగా, ఎంత ధరకు అన్న ప్రశ్నలకు నాలుగో రకమైన నమూనా సర్వే అవసరం. ‘కొద్దిమందిని అడిగితే ఊరంతటి సంగతి ఎలా తెలుస్తుంది?’ అన్న సందేహం పాతదే. దీనికి సమాధానం బెంగాల్ జనపనార మార్కెట్టులో దొరికింది. కలకత్తాలో భారతీయ గణాంక సంస్థను స్థాపించిన ప్రశాంత చంద్ర మహలనోబిస్ 1937 నుంచి అక్కడి జనపనార పంటను నమూనా పద్ధతిన అంచనా కట్టడం మొదలుపెట్టారు. 1940లలో ఆ అంచనాను, ప్రతి కమతం తిరిగి రాసిన సర్కారు లెక్కను, మిల్లులకు ఎగుమతికి వాస్తవంగా వచ్చిన సరుకు లెక్కతో పోల్చి చూశారు. వ్యాపార లెక్కకు దగ్గరగా వచ్చినది నమూనా అంచనాయే. కమతం కమతం తిరిగిన లెక్క బాగా తక్కువ చూపింది. దాని ఖర్చు మాత్రం ఎన్నో రెట్లు. కొద్దిచోట్ల శ్రద్ధగా చూసినది, అన్నిచోట్లా అశ్రద్ధగా చూసినదాని కన్నా నికరమని తేలింది.

అంకెల్లో చెప్పాలంటే, చీటీ తీసినట్టు ఎంపిక చేసిన 100 ఇళ్లలో 40 ఇళ్లవారు వారానికి రెండుసార్లు చేప కొంటామంటే, ఊరి మొత్తం మీద అసలు శాతం 30కి 50కి మధ్య ఉండవచ్చు. 400 ఇళ్లు అడిగితే ఆ తేడా 35–45కు తగ్గుతుంది. తేడాను సగానికి తగ్గించాలంటే అడిగే ఇళ్లను నాలుగింతలు చేయాలి. పదివేల ఇళ్లు అడిగినా, వాటన్నింటినీ ఆదివారం చేపల దుకాణం ముందు వరుసలోనే పట్టుకుంటే ఫలితం తప్పే వస్తుంది. చేప మానేసినవారు, ఫార్మాలిన్ భయంతో కోడికి మళ్లినవారు ఆ వరుసలో ఉండరు.

పంపి చూడటం

ఐదో రకం ప్రయోగం. కొద్ది సరుకు పంపి, అమ్మి చూడటం. పశ్చిమ గోదావరి రైతులకు ఇది మినీకిట్ల రూపంలో పరిచయమే. కొత్త వరి వంగడాన్ని అందరికీ ఒకేసారి ఇవ్వక చిన్న సంచుల్లో కొందరు రైతులకిచ్చి వారి పొలాల్లో ఎలా పండుతుందో చూసిన తరువాతనే విడుదల చేస్తారు. సరుకుకు కూడా అదే సూత్రం వర్తిస్తుంది. శుభ్రం చేసి ముక్కలు కోసిన శీలావతిని పెట్టెల్లో హైదరాబాదు పంపాలనుకునేవారు పది దుకాణాలను అడగటం కన్నా రెండు దుకాణాల్లో నాలుగు వారాలు అమ్మి చూడటం మేలు. ‘కొంటారా?’ అని అడిగితే మొహమాటానికి కొంటామనేవారు ఎక్కువ. డబ్బు తీసి ఇచ్చేటప్పుడు మొహమాటం ఉండదు.

మొదటి వారం అమ్మకం చూసి సంబరపడరాదు. కొత్త గనుక కొంటారు. రెండోసారి, మూడోసారి ఎందరు వచ్చారన్నదే లెక్క.

ప్రయోగంలో కూడా ప్రశ్న తప్పయితే జవాబు తప్పవుతుంది. అమెరికాలో కోకాకోలా కంపెనీ సుమారు రెండు లక్షల మందికి కొత్త రుచి పానీయాన్ని ఇచ్చి అభిప్రాయాలు సేకరించింది. కొత్తదే బాగుందని ఎక్కువమంది అన్నారు. 1985 ఏప్రిల్‌లో పాతది ఆపి కొత్తది విడుదల చేస్తే జనం తిరగబడ్డారు. జూలైకల్లా పాతదాన్ని మళ్లీ తేవలసి వచ్చింది. ఏది రుచిగా ఉన్నదని అడిగారు గాని, పాతది ఇక దొరకదంటే ఏమంటారన్నది సరిగా తేల్చుకోలేదు.

రోజూ కనిపెట్టి ఉండటం

ఆరో రకం ఒకే ప్రశ్నను ఒకే చోట్ల, ఒకే పద్ధతిలో ఎడతెగకుండా అడుగుతూ ఉండటం. కోడిగుడ్ల వ్యాపారంలో 1982లో ఏర్పడిన జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ ఇందుకు దగ్గరి ఉదాహరణ. పశ్చిమ గోదావరితో సహా పలు కేంద్రాలకు ఆ కమిటీ రోజువారీ ధరలు సూచిస్తుంది. కోడి ఆగకుండా గుడ్డు పెడుతుంది గనుక నిలవలు, గిరాకీ రోజూ చూడక తప్పదు.

ఫోను రేటు కూడా ఈ రకంలోనిదే. అయితే దాన్ని చాలామంది విని మరచిపోతారు. హౌరా రేటు, వచ్చిన లారీల సంఖ్య, మిగిలిన సరుకు, తిరస్కరించిన పెట్టెలు, ఆ రోజు వాతావరణం అనే ఐదు గడులతో ఒక పుస్తకం మూడేళ్లు రాస్తే, ఆ వర్తకునికి డబ్బిచ్చినా దొరకని సమాచారం చేతిలో ఉన్నట్టే.

ఏది ఎప్పుడు?

ఎంపికకు నాలుగు ప్రశ్నలు వేసుకుంటే చాలు. తీసుకోవలసిన నిర్ణయం ఏమిటి? సరుకు ఎంతకాలం ఆగుతుంది? నిర్ణయం తప్పయితే వెనక్కి తీసుకోవచ్చునా? తప్పుకు నష్టమెంత?

ఈ రోజు లారీ హౌరాకు పంపాలా, గౌహతికి పంపాలా అన్నది పూటలో తేలవలసిన నిర్ణయం. దీనికి ఫోను రేటు, రాబడి లెక్క చాలు. సర్వే చేసే వ్యవధి లేదు, అవసరమూ లేదు.

పట్టుబడి పది రోజులు ఆపాలా అన్నది వేరే నిర్ణయం. చెరువులో 30 టన్నుల చేప ఉండి, రోజుకు బరువులో 2 శాతం చొప్పున 600 కిలోల మేత పడుతూ, కిలో మేత 20 రూపాయలనుకుంటే, పది రోజులకు 1,20,000 రూపాయలు. అంటే కిలో చేపకు 4 రూపాయలు. చేప పెరుగుదల వల్ల ఇందులో కొంత తిరిగి వస్తుంది. పది రోజుల తరువాత ధర ఎందుకు పెరుగుతుందో క్యాలెండరులోనో, మేత ధరల్లోనో, చుట్టుపక్కల చెరువుల పరిశీలనలోనో ఆధారం దొరికితేనే ఆపాలి.

వచ్చే ఏడాదికి ఏ పిల్ల వేయాలి, శీలావతా, ఫంగసా, రూప్‌చందా, వెనామీయా అన్నది అన్నిటికన్నా పెద్ద నిర్ణయం. ఒకసారి వేశాక నెలల తరబడి వెనక్కి రాదు. విచిత్రమేమంటే ఈ నిర్ణయాన్ని కూడా చాలామంది ఆ రోజు రేటు చూసే తీసుకుంటున్నారు. అందరూ ఒకే రేటు చూసి ఒకే పిల్ల వేస్తే పట్టుబడి కూడా అందరిదీ ఒకేసారి వస్తుంది. ఇక్కడ కాగితం పరిశీలన, కొనుగోలు రాష్ట్రాల్లో వాకబు, సైజుల వారీ సర్వే మూడూ కావాలి. 2009లో అనుమతి వచ్చిన వెనామీకి అమెరికాయే అతి పెద్ద కొనుగోలుదారన్నది ఎంపెడా లెక్కల్లో ఏటా కనిపిస్తూనే ఉన్నది. 2025 ఆగస్టు 7న 25 శాతం, 27న మరో 25 శాతం అమెరికా సుంకాలు పడినప్పుడు, ఒకే దేశం మీద ఆధారపడితే ఏమవుతుందో అందరికీ అర్థమైంది.

తాడేపల్లిగూడెం ఉల్లికి మరో లెక్క. కర్నూలు నుంచి వచ్చే ఖరీఫ్ గడ్డలో తేమ ఎక్కువ, నిలవ ఉండదు. మహారాష్ట్ర రబీ గడ్డ నెలల తరబడి ఆగుతుంది. మొదటిదానికి రోజువారీ రేటు, రాబడి ముఖ్యం. రెండోదానికి నిలవల లెక్క, ఢిల్లీ ఉత్తర్వులు ముఖ్యం. ఏలూరు నిమ్మకు ఎండ తీవ్రత, రోజువారీ రాబడి చాలా వరకు సరిపోతాయి. సోడా, పచ్చళ్ల తయారీదార్లకు నేరుగా ఇవ్వాలనుకున్నప్పుడు మాత్రం వారితో మాట్లాడి, కొద్ది సరుకు పంపి చూడవలసిందే.

కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటల్లో అంతరపంటగా కోకో వేసినవారికి 2024 గుర్తుండే ఉంటుంది. ఆ డిసెంబరులో న్యూయార్క్ ధర టన్నుకు 12 వేల డాలర్లు దాటి, 2025 చివరకు అందులో సగం కంటే దిగువకు వచ్చింది. శిఖరాన ఉన్న ధర చూసి కొత్తగా మొక్కలు నాటితే కాపు వచ్చేసరికి ఆ ధర ఉండాలని లేదు. ఇక్కడ కొనే కంపెనీలు ఎన్ని, వాటికి ఏ నాణ్యత కావాలి అన్నవి న్యూయార్క్ అంకెలో ఉండవు.

ఖర్చు ఎంత పెట్టవచ్చు?

పది టన్నుల లారీ, కిలో 120 రూపాయలు అనుకుంటే సరుకు విలువ 12 లక్షలు. సైజు ఎంపికలో పొరపాటు వల్ల కిలోకు 5 రూపాయలు పోతే నష్టం 50 వేలు. ఒక్క లారీ కోసం లక్ష రూపాయల సర్వే చేయించడం తెలివి తక్కువ. అదే వర్తకుడు ఏడాదికి 200 లారీలు పంపుతూ ప్రతి లారీలో అదే పొరపాటు చేస్తుంటే నష్టం కోటి రూపాయలు. అప్పుడు లక్ష ఖర్చు పెట్టకపోవడమే తెలివి తక్కువ.

ఖర్చు పెట్టే ముందు మరొకటి చూసుకోవాలి. జవాబు ఇలా వస్తే ఏం చేస్తాం, అలా వస్తే ఏం చేస్తాం అని రెండు వాక్యాలు రాసుకోవాలి. రెండు వాక్యాలూ ఒకటే అయితే ఆ పరిశోధన దండగ. ఏ జవాబు వచ్చినా చేయదలచుకున్నదే చేసేవారు ఆ సొమ్ముతో మరికొంత ఐసు కొనడం మేలు.

చిన్న వర్తకులు ఒంటరిగా భరించలేని ఖర్చును సంఘంగా భరించవచ్చు. ఒక ఊరి ఎగుమతిదారులు పదిమంది కలిసి ఏడాదికి రెండుసార్లు ఒక నమ్మకస్తుణ్ణి గౌహతి, పాట్నా, హౌరా పంపి, బజారులో చూసినవి, విన్నవి వేర్వేరుగా రాయించి తెప్పించుకుంటే మనిషికి పడే వంతు స్వల్పం. వెళ్లినవారు అమ్మకం మాట ఎత్తకూడదన్నది ముఖ్యమైన షరతు. సరుకు అమ్ముకోవడానికి వచ్చిన మనిషికి ఎవరూ నిజం పూర్తిగా చెప్పరు.

వరుస క్రమం

సాధారణంగా ముందు కాగితం, తరువాత కన్ను, ఆ తరువాత మాట, అవసరమైతే లెక్క, చివరకు ప్రయోగం అన్న వరుస చౌకగా పూర్తవుతుంది. ఒక్కొక్క మెట్టు తరువాతి మెట్టులో ఏమి అడగాలో చెబుతుంది. కాగితం మీదనే జవాబు దొరికితే అక్కడితో ఆగిపోవచ్చు. మొదటి మెట్టు ఎక్కకుండా నేరుగా పెద్ద సర్వేకు దిగినవారు, పత్రికలో అణాకు దొరికే జవాబును రూపాయలు పోసి కొన్నట్టవుతుంది.

చేపల విషయంలో ఈ వరుస మొదలుపెట్టవలసిన సమయం పట్టుబడి కాదు. పిల్ల వేయడానికి రెండు మూడు నెలల ముందే కొనుగోలు రాష్ట్రాల వాకబు పూర్తి కావాలి. వల చెరువులో దిగిన తరువాత వర్తకుని చేతిలో మిగిలేది ఆ ఉదయం వచ్చిన ఫోను రేటు ఒక్కటే.